ఆత్మకూరు దారిలో విరిగిన కమాను

ఉదయగిరి పోయి వచ్చినప్పటి నుంచి కలిసినవాళ్ళంతా నన్ను దుర్గం ఎంత ఎత్తుంది, పులులున్నాయా అని అడుగుతున్నారు. దుర్గం ఎత్తుగానే ఉంది. పులి నాకు కనపడలేదు, నేను దానికి కనపడ్డానో లేదో తెలియదు. నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ దారిలో ఒక బండి కమాను బాగుచేయిస్తే న్యాయంగా ఎంతివ్వాలో తెలుసుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. అదీ ధరలు తెంచడమే బతుకుతెరువైన నాకు!

నెల్లూరు

నేను ధాన్యం మండీలో దళారిని. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరం తెంచేవాణ్ణి. బర్రెను కొనాలన్నా, పెళ్ళికి మేళం మాట్లాడాలన్నా మా వీధివాళ్ళు నన్ను వెంటబెట్టుకుపోతారు. ఎదుటివాడు చెప్పినదాన్ని సగానికి దింపలేకపోతే ఆ పూట నాకు అన్నం సయించదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే చెబుతున్నాను.

ఆ గొప్పతోనే ఒక దొర ఓడెక్కి సీమకు పోతూ వేలం వేసిన కమాను బండిని కొన్నాను. మామూలు బండిలో పెట్టె నేరుగా ఇరుసు మీద కూర్చుంటుంది, రాయి ఎక్కితే ఆ దెబ్బ మన వెన్నుపూసలోకే వస్తుంది. దీనికి రెండు పక్కలా ఇనప పట్టీలను విల్లులా వంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టి ఉంటారు. వాటినే కమానులంటారు. దెబ్బ అవి తింటాయి, మనం వక్కపొడి నములుతూ పోవచ్చు. పోయిన ఏడు వీటిలో ఒక పట్టీ విరిగితే నెల్లూరు బండ్ల షాపువాడు అయిదు రూపాయలడిగాడు. గొంతు ఎండేదాకా వాదించి నాలుగు రూపాయలకి తెంచాను. మూడు నెలలకే అది వంగిపోయింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఈసారి ప్రయాణం మా అత్తగారి కోసం. ఉదయగిరిలో ఆవిడ చెల్లెలుంది. కరువు రెండేళ్ళూ ఆ దారిన పోవడానికి గుండె చాలక, వానలు పడ్డాక ఇప్పుడు బయలుదేరాం. మా అత్తగారికి నడుం నొప్పి, కాబట్టి కమాను బండి. మర్యాద ప్రకారం ఆవిడ నాతో ఎదురుగా మాట్లాడదు. నేను అల్లుణ్ణయి పన్నెండేళ్ళయింది, ఒక్క మాట లేదు. మరి ఎలా మాట్లాడుతుందంటే, బండి తోలే మస్తానుతో మాట్లాడుతుంది. "మస్తానూ, మీ అయ్యగారి మోకాలు నా జాడీకి తగలతా ఉండాదని చెప్పు నాయనా" అంటుంది, జానెడు దూరంలో నేను కూర్చునుండగానే. మస్తాను వెనక్కి తిరిగి, "అయ్యా, మోకాలు" అంటాడు. ముప్పై కోసుల దారి ఇలా పోవాలి.

సంగం

తొలిరోజు మజిలీ సంగం. పెన్న ఒడ్డున పూటకూళ్ళమ్మ ఇంట్లో భోజనం. మనిషికి రెండణాలంది. కరువు పోయినా ధర పోలేదన్నమాట. నేను ఊరుకుంటానా? మా అత్తగారిది పిట్ట తిండి, పెద్దావిడ, నడుం నొప్పి, ఆవిడకి అణా చాలని వాదించాను. పూటకూళ్ళమ్మ మా అత్తగారిని చూసి జాలిపడి ఒప్పుకుంది.

ఆ రాత్రి చింతచిగురు పప్పు ఎంత బాగుందంటే, పిట్ట మూడుసార్లు మారు వడ్డించుకుంది. నాలుగోసారి పూటకూళ్ళమ్మ గరిటె పట్టుకుని నా ముఖంలోకి చూసింది. నేను విస్తరిలోకి చూసుకున్నాను. మా నెల్లూరులో మజ్జిగ గట్టిగా పోస్తారు, ఇక్కడ పలచగా పోసి అల్లం ఎక్కువ వేస్తారు. నిజం చెప్పాలంటే ఇదే బాగుంది.

ఆత్మకూరుకి రెండు మైళ్ళ ఇవతల

మర్నాడు దారి మెట్టసీమలోకి ఎక్కింది. చేలు పచ్చగా ఉన్నాయి గానీ ఊళ్ళలో సగం ఇళ్ళకు కప్పులు లేవు. పోయినవాళ్ళు కొందరు చచ్చిపోయారు, కొందరు సముద్రం దాటి కూలికి రంగం పోయారు, ఎవరెటో చెప్పేవాళ్ళు కూడా లేరు. మస్తాను పాడుతున్నవాడు కాస్తా ఆ ఇళ్ళ దగ్గర ఆపేశాడు. 

అప్పుడే ఎడమ చక్రం ఒక బండరాయెక్కి దిగింది. టప్పుమని చప్పుడయింది. బండి ఎడమకు ఒరిగింది, మాగాయ జాడీ నా ఒళ్ళోకి, దాని వెనకే మా అత్తగారు నా భుజం మీదికి వచ్చి పడ్డారు. పన్నెండేళ్ళ మర్యాద ఒక్క క్షణంలో మంటగలిసింది.

"మస్తానూ, నాకేం కాలేదని చెప్పు" అంది ఆవిడ నా చెవిలోనే.

"అయ్యా, అమ్మకేం కాలేదంట" అన్నాడు మస్తాను.

"నా పంచె అంతా మాగాయ అయిందని చెప్పరా!" అన్నాను.

విరిగింది ఎడమ కమాను. పెట్టె కింద ఒక కర్రమొద్దు దూర్చి, అందరం నడుస్తూ ఆత్మకూరు చేరాం. మా అత్తగారు నడిచినంతసేపూ మస్తానుతో మాట్లాడుతూనే ఉన్నారు. అవన్నీ ఇక్కడ రాయలేను.

కొండాచారి కొలిమి

ఆత్మకూరులో కమ్మరి ఎవరంటే ఊరి చివర కొలిమి చూపించారు. కమ్మరి పేరు కొండాచారి, నలభై ఏళ్ళుంటాయి, ఎముకల గూడు. మంటకు గాలి కొట్టే తోలుతిత్తి దగ్గర అతని భార్య సుబ్బమ్మ. ఇలాంటి కమానులను దారిన పోయే బండ్లకి చూశాడట, చెయ్యి మాత్రం పెట్టలేదు. ఇంకో కమ్మరి లేడా అని అడిగాను.

కానీ పని మొదలయ్యాక నేను నోరు మూసుకున్నాను. కట్టు విప్పి పట్టీలన్నిటినీ వరసగా పెట్టాడు. విరిగింది పెద్ద పట్టీ. అది మాకూ కనపడుతూనే ఉంది. అతను మిగిలిన వాటికి నూనె రాశాడు, శుభ్రంగా తుడిచాడు, పైన సున్నప్పొడి చల్లాడు. కాసేపటికి మూడో పట్టీ మీద తెల్లటి పొడిలో సన్నటి నల్లగీత తేలింది.

"ఇది గూడా పగిలుండాది సామీ" అన్నాడు. "లోపలికి పోయిన నూనె బయటికి వస్తా ఉండాది, చూడండి. ఇప్పుడు వదిలేస్తే నెలకి విరగతాది."

ధర పెంచడానికి ఎత్తు వేస్తున్నాడని నేను అనుకున్నాను. నాలుగు రూపాయలు తీసుకున్న నెల్లూరువాడు నూనె పెట్టలేదు, పొడి చల్లలేదు, అసలు రెండో పట్టీ వంక చూడనైనా లేదని గుర్తొచ్చి కొంచెం చల్లబడ్డాను.

రెండు రోజులు పట్టింది. ఇద్దరూ మాట్లాడుకోకుండా పని చేస్తారు. మంట రంగు చూసి సుబ్బమ్మ తిత్తి జోరు పెంచుతుంది, తగ్గిస్తుంది. అతను వెనక్కి చూడడు. అతుకు పట్టడానికి వెలిగారం చల్లి, విరిగిన కొసలనూ మూడోదాని పగులునూ తెల్లగా మెరిసేదాకా కాల్చి అతికాడు. తరవాత రెండు పట్టీలనూ నూనెలో ముంచాలన్నాడు. అంత నూనె వాళ్ళింట్లో లేదు. మా అత్తగారు నడుముకని తెచ్చుకున్న ఆముదం ముంతను మస్తాను చేత పంపించింది. ముంచి తీసి, మళ్ళీ కాచి, ఎండుపుల్ల ఒకటి వాటి మీద రుద్దుతూ పోయాడు. పుల్ల సన్నగా పొగ చిమ్మి జారగానే పక్కన పెట్టేశాడు. "ఇంగ వంగతాది, విరగదు" అన్నాడు.

మధ్యలో సుబ్బమ్మ వాళ్ళ కష్టం చెప్పింది. ఈ ఊరి కమ్మరికి ఎప్పుడూ డబ్బు ఇవ్వరు. ఏడాదంతా నాగళ్ళకు కర్రులు సాగగొట్టి, కొడవళ్ళకు పళ్ళు పడేలా కక్కులు పెడితే, కోతలప్పుడు కళ్ళంలో నాగలికి ఇన్ని కుంచాలని గింజలు కొలిచి పోస్తారు. దాన్ని మేర అంటారు.

"రెండేళ్ళు కళ్ళమే లేదు సామీ. కళ్ళం లేకపోతే మేర యాడిది?" అంది. "ఈ ఏడు పండతాది, గానీ కోతలకి ఇంకా రెండు నెలలుండాది. వచ్చే బుధవారం మద్రాసు నించి మేస్త్రీ వస్తాడు. ఆడ బండ్లు చేసే కార్ఖానాకి కమ్మరోళ్ళు కావాలంట. మూడేళ్ళకి రాసియ్యాలంట. ఆడ తిత్తి ఆవిరితో ఆడతాదంట, నాకు పనిలేదంట, నన్ను తీసకరావద్దన్నాడు."

"మరి పోతాడా?"

"ఈ దారిన పోయే కమాను బండ్లు నెలకి రెండు మూడు విరగతాండాయి, ఇన్నాళ్ళూ బాగుకి నెల్లూరే పోతాండాయి. వాటి మీద కోతలదాకా గడుస్తాదంటే పోడు. గడవదంటే పోవాల్సిందే. గడుస్తాదో లేదో మాకు తెలిస్తే గదా? పనికి ఇంత అని మా ఇంట్లో పుట్టి బుద్ధెరిగి ఎవురూ అడగలా."

ఇదంతా విన్నాను. బాగా విన్నాను. విననట్టు ఇప్పుడు రాసుకోవచ్చు గానీ మా అత్తగారు ఇది చదివించుకుంటారు.

పని అయిపోయింది. బండి ఎక్కి దిగి, ఊపి చూశాను. మెత్తగా ఊగింది. "ఎంత?" అన్నాను.

కొండాచారి నేలచూపు చూశాడు. మాట్లాడలేదు.

ఓహో, మాట్లాడకపోవడం బేరంలో పెద్ద ఎత్తు, ఇతను నాకంటే ముదురు అనుకున్నాను. "రెండు రూపాయలు" అన్నాను.

అతను చేతులు తుడుచుకున్నాడు. మాట్లాడలేదు.

నోరు విప్పనివాడు ఎక్కువకి ఆశపడుతూ అయినా ఉండాలి, లేదా భయపడుతూ అయినా ఉండాలి. ఇతను తల వంచుకున్నాడు, అంటే భయమే. "ఒకటిన్నర" అన్నాను.

సుబ్బమ్మ మొగుడి వంక చూసింది. మొగుడు చెవి గోక్కున్నాడు.

"రూపాయి!"

కొలిమిలో బొగ్గు ఒక్కటే చిటపటలాడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "అర్ధరూపాయి! ఇంక దమ్మిడీ ఎక్కువ అడిగితే ఊరుకోను!" అని అరిచాను. దమ్మిడీ కూడా ఎవరూ అడగలేదు. మస్తాను ఎద్దుల వైపు తిరిగి నిలబడ్డాడు, నవ్వాపుకోలేక భుజాలు అదురుతున్నాయి.

అప్పుడు కొండాచారి మెల్లగా అన్నాడు. "సామీ, ఒక మాట అడగతాను, కోప్పడబాకండి. న్యాయంగా దీని ధర అంతేనా? మీరు ధరలు తెలిసినోళ్ళని మీ బండాయన చెప్పినాడు. మేస్త్రీ నీ పనికి ఎంత అంటే నాకు నోరు రాదు. మీరు చెప్పిందే ఆయనకి చెప్తాను."

నెల్లూరు నాలుగు రూపాయలూ నాలిక చివరిదాకా వచ్చాయి. చెబితే ఇవ్వాలి. ఇరవై ఏళ్ళ అలవాటు వాటిని మింగేసింది. "అంతే. అదీ నీ ముఖం చూసి ఇస్తున్నాను" అన్నాను.

అతను అర్ధరూపాయిని కళ్ళకద్దుకుని సుబ్బమ్మకిచ్చాడు. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. "అయితే పోవాల్సిందేలే" అంది అతనితో.

అనుమసముద్రంపేట

ఆత్మకూరు దాటాక బండి ఎంత హాయిగా పోయిందంటే నాకు చిరాకేసింది. రాళ్ళ మీద కూడా పెట్టె ఊయలలా ఊగుతోంది. మా అత్తగారు నిద్రపోయి గురక పెట్టారు. గతుకు వచ్చి, అది నాకు తగలనప్పుడల్లా సుబ్బమ్మ ముఖం గుర్తొచ్చేది. ఒక్కసారి గట్టిగా తగిలితే బాగుండునని చూశాను. తగల్లేదు.

అనుమసముద్రంపేటలో దర్గా ఉంది. అన్ని కులాలవాళ్ళూ వస్తారు, చక్కెర, పూలు తీసుకుని లోపలికి పోతారు. అక్కడ కొట్లవాళ్ళు ఒకటే ధర చెబుతారు, యాత్రికులు అదే ఇస్తారు. ఇలాంటి ఊరు నేను ఎరగను. పొట్లం చక్కెర అణా అంటే నేను అలవాటుగా "అర్ధణా" అన్నాను. కొట్టువాడికి కోపం కూడా రాలేదు. నన్ను దాటి వెనకున్న ముసలమ్మకి పొట్లం ఇచ్చాడు. వెనక నిలబడింది మా అత్తగారే, అణా ఇచ్చేసి తీసుకుంది.

"మస్తానూ," అంది బండెక్కుతూ, "పోయిన ఏడు నెల్లూరులో ఇదే కమానుకి మీ అయ్యగారు నాలుగు రూపాయలిచ్చినాడని మా అమ్మాయి నాతో చెప్పింది. ఆ సంగతి ఆయనకి గుర్తుండాదేమో అడుగు."

మస్తాను అడగలేదు. ఎద్దులను అదిలించాడు. 

ఉదయగిరి

ఉదయగిరి దుర్గం కింద ఒదిగిన ఊరు. కొండ పొద్దున్నే ఊరి మీద నీడ వేస్తుంది, మధ్యాహ్నం ఊరిని కాలుస్తుంది. మా పినత్తగారు మమ్మల్ని చూసి ఏడ్చి, నవ్వి, సంకటి పెట్టింది. మొలగొలుకుల సన్నబియ్యం తినే నోటికి సజ్జ సంకటి దిగదనుకున్నాను. ఉలవచారుతో రెండు ముద్దలు దిగాయి, మూడోది అడిగి వేయించుకున్నాను. ఇక్కడ అల్లుడికి మర్యాద ఏమిటంటే తినేటప్పుడు పక్కన కూర్చుని విసురుతూ, కరువులో ఎవరెవరు పోయారో చెప్పడం. తింటూ వినడం కష్టం.

మూడో రోజు గరిటెల సాయెబు దగ్గరికి పోయాను. ఉదయగిరి చెక్క గరిటెలకు పేరున్న ఊరు. కొండ మీది చెక్క తెచ్చి, ఒక చిన్న కత్తితోనూ ఆకురాయితోనూ పూలూ తీగలూ చెక్కుతారు. సాయెబుకి డెబ్బై ఏళ్ళుంటాయి, నోట్లో రెండు పళ్ళు. గరిటె ఆరణాలన్నాడు.

"రెండణాలు" అన్నాను.

అతను నవ్వి, ఒక చెక్క ముక్కనూ కత్తినీ నా చేతిలో పెట్టాడు. "నాది వద్దులే సాబ్. నువ్వే చేసుకో. చెక్క ఉత్తినే ఇస్తా, కత్తి ఉత్తినే ఇస్తా. దానికి బేరమే లేదు."

ఉచితం అంటే నేను వదులుతానా? చతికిలబడి కూర్చున్నాను. పొద్దు నెత్తి మీదికొచ్చేదాకా చెక్కాను. వేలు రెండు చోట్ల తెగింది. పంచె చించి కట్టుకున్నాను. మధ్యాహ్నానికి నా చేతిలో ఒక వస్తువు తయారయింది. అది గరిటె అని దానికి ఒక కొస గుంటగా ఉండటం వల్ల తెలుస్తుంది. దాంతో పప్పు తీస్తే తిరిగి కుండలోకే పోతుంది.

సాయెబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖంలో నవ్వు లేదు. "బాగుంది. అమ్ముతావా?"

"అమ్ముతాను."

"ఎంతకి?"

"రూపాయి" అన్నాను. ఆలోచించలేదు. పూటంతా కూర్చున్నాను, నడుం పీకింది, రక్తం కారింది. ఆ రూపాయి నా నోట్లోంచి దానంతటదే వచ్చింది, నాకది న్యాయంగానే తోచింది.

సాయెబు ఇంకేమీ అనలేదు. తన గరిటె చెక్కుకోవడం మొదలుపెట్టాడు. నేను ఆ వంకర చెక్కని పట్టుకుని వీధిలో నిలబడ్డాను. ఒక్క పూటకి రూపాయి. రెండు రోజులు నిప్పు ముందు నిలబడినవాడికి అర్ధరూపాయి ఇచ్చి, అదే న్యాయమని నా నోటితో చెప్పాను. బుధవారం అతను ఆ మాటే మేస్త్రీకి చెబుతాడు.  వెనక్కి పోయి సాయెబు చేతిలో ఆరణాలు పెట్టి గరిటె తీసుకుని ఇంటికి పోయాను.

"మస్తానూ, రేపు తెల్లారగానే బండి కట్టు. నేనొక్కణ్ణే ఆత్మకూరు పోయి వస్తాను" అన్నాను.

మా అత్తగారు వంటింట్లోంచి బయటికి వచ్చింది. మస్తాను వంక చూడలేదు. సూటిగా నా ముఖంలోకి చూసింది. "నేనూ వస్తాను అల్లుడూ. నువ్వొక్కడివే పోతే ఆ అర్ధరూపాయిలో పావలా వెనక్కి తెస్తావు" అంది.

పన్నెండేళ్ళలో నాతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

మళ్ళీ ఆత్మకూరు

అనుమసముద్రంపేటలో ఒక రాత్రి పడుకుని బుధవారం పొద్దెక్కేసరికి ఆత్మకూరు చేరాం. కొలిమి చుట్టూ ఊరంతా ఉంది. మేస్త్రీ మంచం మీద కూర్చుని ఉన్నాడు, చెవులకు పోగులు, చేతిలో రాతకోతల కాగితం. కొండాచారి నిలబడి ఉన్నాడు. సుబ్బమ్మ తిత్తి పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నెలకి ఎనిమిది రూపాయలు" అంటున్నాడు మేస్త్రీ. "రెండు రోజుల పనికి అర్ధరూపాయి అని నువ్వే అంటివి గదా. ఆ లెక్కన నెలకి ఏడున్నర. నేనేం తక్కువ చెప్పినానా?"

"నెల్లూరు సామి చెప్పిన మాట, అంతే ఉంటాది" అన్నాడు కొండాచారి, కాగితం వైపు చెయ్యి చాపుతూ.

"ఆగు!" అని అరుస్తూ బండిలోంచి దూకాను. పంచె చక్రానికి చిక్కుకుంది. చక్రాన్నీ నన్నూ మస్తాను వేరుచేసేదాకా అందరూ ఓపిగ్గా చూశారు.

"ఎవరు నువ్వు?" అన్నాడు మేస్త్రీ.

"అర్ధరూపాయి అని చెప్పిన మూర్ఖుణ్ణి. అబద్ధం చెప్పాను. నెల్లూరులో ఈ పనికి నాలుగు రూపాయలిచ్చాను, అది మూడు నెలలు నిలవలేదు."

ఊరంతా నా వంక చూసింది. కొండాచారి కూడా చూశాడు. నేను ఆ చూపు తట్టుకోలేక మేస్త్రీ మీదికి తిరిగాను. ఇంక చూడండి, ఇరవై ఏళ్ళుగా దించడమే తెలిసినవాణ్ణి, ఎక్కించడంలో ఇంత సుఖముందని ఎవరు చెప్పారు! నూనె, సున్నప్పొడి, పగులు, ఎండుపుల్ల, అన్నీ చెప్పాను. బండి పైకెక్కి గెంతి చూపించాను. మా అత్తగారు లోపల ఉండగానే గెంతాను. మేస్త్రీ తొమ్మిదన్నాడు. నేను ఫక్కున నవ్వాను. పదకొండన్నాడు. నా తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని పోబోయాను. పదమూడన్నాడు.

"పదమూడా? ఈ కమాను ఒక్కటే ఆరు రూపాయల పని!" అన్నాను. "ఆరు! నెల్లూరులో ఏ షాపులోనైనా పోయి అడుగు!"

నాలుగు ఎప్పుడు ఆరయిందో నాకు తెలియదు. ఆ వేడిలో అదే నిజమనిపించింది. చివరికి మేస్త్రీ చెమట తుడుచుకుని, "పద్నాలుగు. ఇంగ నావల్ల కాదు" అన్నాడు.

జనం హోరుమన్నారు. నేను రొమ్ము విరుచుకుని కొండాచారి వంక తిరిగాను.

"నేను పోను సామీ" అన్నాడతను.

"ఏంది? నా గొంతు పోయేదాకా ఎవరి కోసం వాదించాను?"

"ఆరు రూపాయల పని నా చేతిలో ఉండాదంటే, నెలకి రెండు బండ్లు చాలు మాకు, కోతలదాకా. ఈమెని వదిలిపెట్టి యాడికి పోతాను?" అన్నాడు.  తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. సుబ్బమ్మ ఏడవలేదు. లేచి, మేస్త్రీకి కుండలోంచి మజ్జిగ ముంచి ఇచ్చింది, ఇంక బయలుదేరమన్నట్టు.

మేస్త్రీ పోయాడు. జనం పోలేదు. ఎందుకు పోలేదో నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. ఆరు రూపాయల పని అని అంతమంది ముందు అరిచింది నేను. ఇచ్చింది అర్ధరూపాయి.

బండిలోంచి మా అత్తగారు నవ్వడం మొదలుపెట్టింది. నడుం పట్టుకుని నవ్వింది. నేను సంచీ విప్పి అయిదున్నర తీసి కొండాచారి ముందు పెట్టాను. అతను వెనక్కి జరిగాడు. "వద్దు సామీ. ఆ పొద్దు ఇచ్చింది తీసుకున్నాను, బేరం అయిపోయింది."

వాటిని సుబ్బమ్మ తీసుకుంది. ఒక్కొక్కటే తీసి కొంగున ముడేసుకుంది. ముడేసి, మళ్ళీ మసి చేతిని నా ముందు చాచింది.

"ఇది ఆయన పని సామీ. మీరు చెప్పినారుగా, కాల్చింది, అతికింది, పగులు పట్టింది, అన్నీ చెప్పినారు. తిత్తి రెండు రోజులు నేను ఆడించినాను. దానికెంత?"

  నేను చేసిన అంత పెద్ద వాదంలో ఆమె పేరు ఒక్కసారి కూడా రాలేదు. నా బతుకులో మొట్టమొదటిసారి ఎంత అని అడిగితే చెప్పలేక నేలచూపు చూశాను. తరవాత సంచీ మూతి తెరిచి ఆమె ముందు పట్టుకున్నాను.

ఆమె లోపలికి చెయ్యి పెట్టి ఒక్క రూపాయి తీసుకుంది. రెండోది ముట్టలేదు.

"రేపటి నించి ఏడు రూపాయలు" అంది. "ఈ దారిన పోయేవాళ్ళకి మీరే చెప్పండి."

అందుకే ఇది రాశాను. ఆత్మకూరు మీదుగా కమాను బండిలో పోయేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. విరిగితే ఊరి చివర కొండాచారి కొలిమి, పనికి రెండు రోజులు, ధర ఏడు రూపాయలు. డబ్బు సుబ్బమ్మ చేతికివ్వాలి.